హై-రెస్‌కి డబ్బు పెట్టాలా, మామూలు ఆడియో చాలా? ముందు పోలిక సరిగ్గా చేద్దాం

విశాఖలో ద్వారకానగర్‌లోనో దాబాగార్డెన్స్‌లోనో హెడ్‌ఫోన్ల కోసం తిరిగితే చాలా అట్టపెట్టెల మీద బంగారు రంగు హై-రెస్ (హై-రిజల్యూషన్ ఆడియో) స్టిక్కర్ కనిపిస్తుంది. ఫోన్‌లో పాటల యాప్ తెరిస్తే అక్కడా మామూలు, లాస్‌లెస్ (ఏ సమాచారమూ పారెయ్యనిది), హై-రెస్ లాస్‌లెస్ అని మెట్లు. ఇంతకీ తేడా వినిపిస్తుందా అని అడిగితే ఒకరు పాట కొత్తగా పుట్టినట్టుందంటారు, ఇంకొకరు అంతా వ్యాపారం అని కొట్టిపారేస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, విన్నదే చెబుతున్నారు. కానీ వాళ్లలో ఎక్కువమంది పోల్చింది ఫార్మాట్లను కాదు. వేరు వేరు మాస్టర్లను (విడుదలకి ముందు శబ్దాన్ని చివరిసారి సర్ది తయారుచేసిన కాపీలను), వేరు వేరు వాల్యూమ్‌లను పోల్చి ఆ తేడాను ఫార్మాట్ ఖాతాలో రాసేస్తున్నారు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వినడానికి సీడీ స్థాయి లాస్‌లెస్ చాలు, అంతకు మించి ఖర్చు పెట్టాలనుంటే హెడ్‌ఫోన్‌కి, గదికి, మంచి మాస్టర్ వెతకడానికి పెట్టండి. హై-రెస్ నిజంగా పనికొచ్చేది రికార్డు చేసేవాళ్లకి. ఇది ఎందుకంటున్నానో, మీరే ఇంట్లో ఎలా తేల్చుకోవచ్చో కింద రాస్తున్నాను, నా మాట నమ్మక్కర్లేదు, మీ చెవులతోనే చూసుకోవచ్చు.

మొదట అంకెలు. సీడీ అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన కొలతలు), ఒక్కొక్కటి 16 బిట్లు. సోనీ, ఫిలిప్స్ కలిసి 1980లో ఖాయం చేసిన లెక్క ఇది, 1982లో డిస్కులు మార్కెట్లోకి వచ్చాయి. 44.1 అనే విచిత్రమైన సంఖ్య వీడియో టేపు మీద డిజిటల్ శబ్దాన్ని దాచుకునే రోజుల నుంచి వచ్చింది. హై-రెస్ అంటే దీన్ని మించినది ఏదైనా, సాధారణంగా 24 బిట్, 96 లేదా 192 కిలోహెర్ట్జ్. ఇక మామూలు స్ట్రీమింగ్ అంటే ఎంపీ3, ఏఏసీ లాంటివి, 128 నుంచి 320 కేబీపీఎస్ (సెకనుకు ఇన్ని వేల బిట్లు) వరకు, కొంత సమాచారాన్ని పారేసి కుదించినవి. కాబట్టి పోటీ ఇద్దరి మధ్య కాదు, ముగ్గురి మధ్య. చాలామంది మామూలు స్ట్రీమింగ్ నుంచి ఒక్కసారిగా హై-రెస్‌కి దూకి, మధ్యలో సీడీ స్థాయి ఉందన్న సంగతే మర్చిపోతారు.

శాంపిళ్లు పెరిగితే ఏమొస్తుంది? పై స్థాయి ధ్వనులు వస్తాయి. 44.1 కిలోహెర్ట్జ్‌తో 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని మొత్తం పట్టుబడుతుంది. మనిషి చెవికి చిన్నప్పుడు 20 వరకు వినిపిస్తుంది, నలభై దాటినవాళ్లలో చాలామందికి 15, 16 దాటితే ఏమీ వినిపించదు. ప్రకటనల్లో మెట్లు మెట్లుగా ఒక గీత, పక్కన నున్నగా ఇంకో గీత గీసి చూపిస్తారు చూడండి, ఆ బొమ్మ తప్పుదారి పట్టిస్తుంది. డాక్ (అంకెలను తిరిగి ధ్వని తరంగంగా మార్చే చిప్) నుంచి బయటికొచ్చే తరంగంలో మెట్లుండవు, ఫిల్టర్ దాటాక ఆ పరిధిలోపలి తరంగం నున్నగానే తయారవుతుంది. 96 కిలోహెర్ట్జ్‌లో అదే తరంగం ఇంకా నున్నగా ఏమీ రాదు, దాని పైన 48 కిలోహెర్ట్జ్ దాకా మనకు వినబడని ధ్వనులు చేరతాయి, అంతే.

బిట్లు పెరిగితే వచ్చేది మరో లాభం, అడుగున ఉండే సన్నటి నాయిస్ తగ్గుతుంది. 16 బిట్‌లో అతి గట్టి శబ్దానికీ అడుగు నాయిస్‌కీ మధ్య సుమారు 96 డెసిబెల్స్, 24 బిట్‌కి కాగితం మీద 144, కాకపోతే ఎంత మంచి డాక్ అయినా 120, 130 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. మన ఇళ్లలో దీని విలువ ఎంతో లెక్కేసి చూడండి. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో 40 నుంచి 50 డెసిబెల్స్ చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. మీరు పాటని చాలా గట్టిగా, పీక్‌లో 100 డెసిబెల్స్ వచ్చేలా పెట్టుకున్నారనుకుందాం, అప్పుడు 16 బిట్ నాయిస్ ఎక్కడో 4 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, ఫ్యాన్ చప్పుడుకి ఎంతో కింద. మే నెలలో విశాఖలో ఫ్యాన్ ఆపి పాట వినేవాళ్లు ఎవరున్నారు చెప్పండి. డిసెంబరు, జనవరిలో, తెల్లవారుజామున, రోడ్డు మీద ఆటోలు మొదలవకముందు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌తో వింటే కాస్త న్యాయం జరుగుతుంది, అప్పుడు కూడా 16 బిట్ అడుగుని వినాలంటే పాట పూర్తిగా ఆగిపోయే చోట వాల్యూమ్‌ని ప్రమాదకరంగా పెంచాలి.

ఇది సిద్ధాంతం. మరి మనుషులను కూర్చోబెట్టి పరీక్షిస్తే? 2007లో ఈ. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించారు. హై-రెస్ డిస్కుల శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. మొత్తం 554 సార్లలో సరైన జవాబు 276 సార్లు, అంటే బొమ్మాబొరుసు వేసినట్టే. ఆ డిస్కుల్లో కొన్ని అసలు హై-రెస్ రికార్డింగుల నుంచి వచ్చినవి కావన్న విమర్శ తర్వాత వచ్చింది, అది పట్టించుకోవలసిన విమర్శే. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రైస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే, పన్నెండున్నర వేలకు పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. ఊహించి చెబితే వచ్చే 50 కన్నా కొంచెం ఎక్కువ, కానీ అన్నిసార్లు చేశారు కాబట్టి యాదృచ్ఛికం అని తోసెయ్యలేం. ముందుగా శిక్షణ ఇచ్చి చేసిన ప్రయోగాల్లో 60 శాతం దాకా వెళ్లింది. అంటే తేడా సున్నా అని ఒట్టేసి చెప్పలేం, కానీ ఉన్నా అది శిక్షణ పొందినవాళ్లు కష్టపడి పట్టుకునేంత సన్నటిది.

నాకు ఈ మొత్తంలో ముఖ్యం అనిపించే వాక్యం మాత్రం మేయర్, మోరన్‌ల వ్యాసంలోనే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తి చూపరు. సీడీ స్థాయికి దించినా తేడా పట్టుకోలేకపోయిన అదే హై-రెస్ డిస్కులు, మామూలుగా దొరికే సీడీల కన్నా బాగున్నాయని వాళ్లే రాశారు. కారణం, వాటిని శ్రద్ధగా మాస్టర్ చేశారు. సీడీ కోసం, రేడియో కోసం చేసిన మాస్టర్‌లో శబ్దాన్ని నొక్కి నొక్కి పాటంతా ఒకే గట్టిదనానికి తెస్తారు, నాణ్యత కోరి కొనేవాళ్ల కోసం చేసిన మాస్టర్‌లో ఆ ఒత్తిడి తక్కువ. ఆ తేడా నిజంగా వినబడుతుంది, చాలా వినబడుతుంది. కాకపోతే అది 24 బిట్ వల్ల వచ్చింది కాదు, అదే మాస్టర్‌ని 16 బిట్‌లో ఇచ్చినా అంతే బాగుంటుంది. సోనామసూరి గ్యాస్ మీద, దంపుడు బియ్యం కట్టెల పొయ్యి మీద వండి, రుచి తేడా అంతా పొయ్యిదే అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? పొయ్యిలను పోల్చాలంటే బియ్యం ఒకటే ఉండాలి.

రెండో మోసం వాల్యూమ్. కొంచెం గట్టిగా వినిపించేది మనకు 'గట్టిగా ఉంది' అనిపించదు, 'బాగుంది, స్పష్టంగా ఉంది, బేస్ నిండుగా ఉంది' అనిపిస్తుంది. అర డెసిబెల్ తేడా కూడా చాలు ఈ పని చెయ్యడానికి. షాపులో డెమో ఇచ్చే అబ్బాయి ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మార్చినప్పుడు రెండింటి వాల్యూమ్ కొలిచి సమానం చేశాడా అని అడగండి. నేను అడిగిన చోట ఎవరూ చెయ్యలేదు. కొలవకుండా చేసిన డెమో విని అక్కడికక్కడే డబ్బు కట్టెయ్యడం మంచిది కాదు.

మరి ఇంట్లో న్యాయంగా ఎలా పోల్చాలి? ఇక్కడ కాస్త ఓపిక కావాలి, కానీ పెద్ద విద్యేం కాదు, ఒక లాప్‌టాప్, ఆదివారం మధ్యాహ్నం చాలు. నమ్మకమైన చోట కొన్న 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైల్ ఒకటి తీసుకోండి. ముందు దాన్ని ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో చూపే బొమ్మ) చూడండి. 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి పైన అంతా నల్లగా ఉంటే అది 44.1లో రికార్డయి తర్వాత సాగదీసిన ఫైల్ అని అనుమానించాలి, దానితో పరీక్ష దండగ. పైదాకా ఏదో ఒక ధ్వని కనిపిస్తే, వాల్యూమ్ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి 24 బిట్ ఫ్లాక్‌గా (ఏమీ పారెయ్యకుండా కుదించే ఫైల్ రకం) దాచుకోండి, తగ్గించడం ఎందుకంటే మార్పిడిలో పీక్‌లు కాస్త పైకి లేచి గరిష్ఠ హద్దు దాటి శబ్దం పగలకుండా. ఇది మీ మొదటి ఫైల్. ఇప్పుడు ఇదే ఫైల్‌ని 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌కి దించండి, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి నాయిస్) పెట్టి. ఆ తర్వాత దాన్ని మళ్లీ 96, 24కి ఎక్కించి దాచండి. ఇలా మళ్లీ ఎక్కించడం వింతగా అనిపించవచ్చు, కానీ చాలా అవసరం. రెండు ఫైళ్ల శాంపిల్ రేటు వేరైతే మార్చినప్పుడల్లా డాక్ చిన్న టిక్‌మని చప్పుడు చేస్తుంది, లేదా ఒక క్షణం ఆగుతుంది, మీ చెవి ఆ టిక్‌ని పట్టుకుని పాటలో తేడా దొరికిందనుకుంటుంది. ఒకసారి సీడీ స్థాయికి దిగిన ఫైల్‌లో పోయిన సమాచారం మళ్లీ ఎక్కించినా తిరిగి రాదు, కాబట్టి పరీక్ష చెడదు. మూడో ఫైల్ కావాలంటే అదే మొదటి ఫైల్ నుంచి 320 ఎంపీ3 చేసి మళ్లీ 96, 24 ఫ్లాక్‌లోకి మార్చుకోండి, అయితే ఎంపీ3 మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, దాన్ని కత్తిరించి రెండింటినీ ఒకే క్షణంలో మొదలయ్యేలా సర్దకపోతే ఆ ఆలస్యమే మీకు సమాధానం చెప్పేస్తుంది.

ఆ తర్వాత ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌లో ఏబీఎక్స్ పోలిక చేసే భాగం ఉంటుంది, దాన్ని విడిగా చేర్చుకోవాలి. అది మీకు ఏ, బీ రెండూ వినిపిస్తుంది, ఆపైన ఎక్స్ అని ఒకటి ఇచ్చి ఇది ఏ నా, బీ నా అని అడుగుతుంది, ప్రతిసారీ మార్చి. మొత్తం 16 సార్లు చేస్తానని ముందే నిర్ణయించుకోండి, మధ్యలో స్కోరు చూడకండి, బాగా వస్తోంది కదా అని ఆపెయ్యకండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా వస్తే మీకు ఏదో నిజంగా వినిపించిందని అనుకోవచ్చు, ఎందుకంటే ఊరికే ఊహిస్తే అలా రావడానికి నూటికి నాలుగు వంతుల అవకాశం మాత్రమే ఉంది. తొమ్మిదో పదో వస్తే అది ఊహే. అలసిపోతే లేచి టీ తాగి రండి, అలసిన చెవి తేడాని దాచేస్తుంది, అప్పుడు పరీక్ష హై-రెస్‌కి అన్యాయం చేసినట్టవుతుంది, న్యాయం రెండు వైపులా ఉండాలి కదా.

ఏ పాట పెట్టాలన్నది కూడా పరీక్షలో భాగమే. డ్రమ్స్, సింథ్, కోరస్ అన్నీ కలిసి మోగే సినిమా పాటలో సన్నటి తేడాలు మునిగిపోతాయి. తాళాలు, చిడతలు, గజ్జెలు, ఘటం, కంజీర లాంటి చురుకైన దెబ్బలున్న రికార్డింగు తీసుకోండి. కుదింపు చేసే తప్పులు అక్కడే బయటపడతాయి. దెబ్బ పడకముందే దాని నీడలాగా చిన్న గరగర వినిపిస్తుంది, గజ్జెల మోతలో విడివిడి మువ్వలు కలిసిపోయి ఇసుక రాల్చినట్టు అవుతుంది. 128 ఎంపీ3లో ఇది ఎవరికైనా చూపించగలం. 320కి వచ్చేసరికి అది ఎక్కడ దాక్కుందో తెలిసినవాళ్లకి కూడా చెమట పడుతుంది. 24 బిట్‌కి అవకాశం ఇవ్వాలంటే వీణ తీగ మీటి వదిలేశాక సన్నగిల్లుతూ ఆగిపోయే నాదం, ఆలాపనకి ముందు తంబురా ఒక్కటే ఉన్న చోటు, అలాంటివి వెతకండి. ఏది వింటున్నానో తెలియకుండా శ్రద్ధగా విన్నవాళ్లలో చాలామంది 320కీ సీడీ స్థాయికీ మధ్యే తడబడతారు, సీడీకీ హై-రెస్‌కీ మధ్య ఇంకా ఎక్కువ. మీకు దొరికితే మాత్రం సంతోషంగా హై-రెస్ కొనుక్కోండి, 16కి 12 తెచ్చుకున్న మనిషికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

ఇక ఎంపికకి వద్దాం. గాజువాక నుంచి బస్సులో వెళ్తూ, బీచ్ రోడ్డులో నడుస్తూ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వినేవాళ్లయితే ఈ చర్చ మొత్తం వదిలెయ్యొచ్చు. బ్లూటూత్‌లో మామూలుగా వాడే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో 328 కేబీపీఎస్ దాటదు, ఇంకా ఎక్కువ పంపే ఎల్‌డాక్ పద్ధతి అయినా గరిష్ఠంగా 990, అదీ జనం మధ్య చాలాసార్లు తగ్గిపోతుంది, ఐఫోన్‌లో అసలు ఉండదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోకి కుదించకముందు 4,608 కేబీపీఎస్ కావాలి, ఆ సన్నటి దారిలోంచి అది యథాతథంగా రాదు. యాప్‌లో హై-రెస్ పెట్టుకుని బ్లూటూత్‌లో వింటే పోయేది మీ డేటా మాత్రమే. డేటా లెక్క కూడా చూసుకోండి. 320లో గంటకి 144 ఎంబీ, సీడీ స్థాయికి కుదించకముందు 635 ఎంబీ, 24/96కి రెండు జీబీ పైన, ఫ్లాక్‌గా కుదిస్తే అందులో సగానికి కాస్త అటూఇటూగా. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి గంటన్నరలో అయిపోతుంది. అరకు రైలెక్కేవాళ్లు సొరంగాల్లో సిగ్నల్ పోతుందని ముందే పాటలు దించుకుంటారు కాబట్టి వాళ్లకి ఇంకా మామూలు సెట్టింగే హాయి.

ఇంట్లో వైరున్న మంచి హెడ్‌ఫోన్‌తో కూర్చుని వినే అలవాటుంటే సీడీ స్థాయి లాస్‌లెస్‌కి మారండి. వినబడే తేడా చిన్నదే అయినా ఒక ఉపయోగం ఉంది, మీ దగ్గరున్నది పూర్తి కాపీ అన్న నిశ్చింత, రేపు దాన్ని ఇంకో ఫార్మాట్‌లోకి మార్చుకున్నా కొత్తగా ఏమీ చెడదు. యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్‌కి, హై-రెస్‌కి అదనంగా డబ్బు తీసుకోవడం లేదు, అక్కడ ఉన్నవాళ్లు లాస్‌లెస్ ఆన్ చేసుకుని హై-రెస్ మెట్టు వదిలెయ్యొచ్చు. హై-రెస్‌కి విడిగా అడిగితే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ఏ పాటనైనా 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి బయటికి పంపుతాయి, 24/192 పెట్టానని మీరు అనుకుంటున్నది చెవి దాకా రాకపోవచ్చు. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు, 48 మనకు చాలు. యూట్యూబ్‌లో '24 బిట్ రీమాస్టర్' అని పేరు పెట్టిన పాత పాటల గురించైతే ఒక్క మాట, యూట్యూబ్ ఏది ఎక్కించినా తన పద్ధతిలో మళ్లీ కుదించే ఇస్తుంది, ఆ పేరుకి అర్థం లేదు. ఘంటసాల కాలం పాటలు అనలాగ్ టేపు మీద రికార్డయ్యాయి, ఆ టేపుకి ఉన్న పరిధి 60, 70 డెసిబెల్స్, దాన్ని 16 బిట్ పూర్తిగా మొయ్యగలదు. వాటికి కావాల్సింది ఒరిజినల్ టేపు నుంచి జాగ్రత్తగా తీసిన మాస్టర్.

ఆ బంగారు స్టిక్కర్ సంగతి కూడా చెప్పాలి. జపాన్ ఆడియో సొసైటీ నియమం ప్రకారం హెడ్‌ఫోన్‌కి ఆ గుర్తు కావాలంటే 40 కిలోహెర్ట్జ్ దాకా పలకాలి. 20 లోపల, అంటే మనం నిజంగా వినే చోట, అది ఎంత సహజంగా పలుకుతుందో ఆ స్టిక్కర్ చెప్పదు. కాబట్టి కొనేటప్పుడు తెలిసిన గొంతు, తెలిసిన వయొలిన్ పెట్టి వినండి. ఇయర్‌ఫోన్ అయితే సిలికాన్ టిప్ సైజు మార్చి చూడండి, చెవిలో సరిగ్గా బిగుసుకోకపోతే బేస్ సగం పోతుంది, ఏ బిట్లూ దాన్ని తిరిగి తేలేవు. మన ఊళ్లో ఇంకో బాధ ఉంది, తేమ, ఉప్పుగాలి. ఎంవీపీ, లాసన్స్ బే వైపు ఉండేవాళ్లకి తెలుసు, తోలు లాంటి ఇయర్‌ప్యాడ్లు రెండేళ్లలో పొట్టులు పొట్టులుగా రాలిపోతాయి, జాక్ మీద మరక పట్టి గరగర మొదలవుతుంది. ప్యాడ్ చిరిగితే గాలి లీకై హెడ్‌ఫోన్ స్వభావమే మారిపోతుంది, దాని ముందు 16కీ 24కీ తేడా లెక్కలోకి రాదు. కొత్త ప్యాడ్ల జత తీసుకోండి, వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెట్టండి, జాక్‌ని అప్పుడప్పుడు పొడి గుడ్డతో తుడవండి.

రికార్డు చేసేవాళ్లకి మాత్రం నా సలహా పూర్తిగా వేరు. కళాభారతిలో అమ్మాయి కచేరీ రికార్డు చేస్తున్నారా, ఇంట్లో పాఠాలు రికార్డు చేసుకుంటున్నారా, కచ్చితంగా 24 బిట్ పెట్టుకోండి. గాయని ఎప్పుడు గొంతు పెంచుతుందో, తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే చోట) దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో ముందే తెలియదు, 24 బిట్ ఉంటే పీక్‌లు గరిష్ఠ హద్దుకి 12, 18 డెసిబెల్స్ కింద ఉండేలా నిదానంగా లెవెల్ పెట్టుకోవచ్చు, తర్వాత పెంచుకున్నా అడుగు నాయిస్ పైకి రాదు. శాంపిల్ రేటు 48 చాలు, వీడియోతో కూడా సరిపోతుంది. ఎడిటింగ్ అయ్యాక బంధువులకి పంపేది 16 బిట్ చేసి పంపండి.

తాతగారి కాలం క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకీ అంతే. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం అనలాగ్ టేపులకి కనీసం 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అంటుంది, 96 అయితే మంచిదని సిఫార్సు చేస్తుంది. ఇది దాచిపెట్టే కాపీకి, రేపు ఎవరైనా శుభ్రం చెయ్యాలనుకుంటే పనికొచ్చేలా, వినడానికి కాదు. అయితే ఆ అంకెలు పెట్టుకునే ముందు క్యాసెట్ డెక్ తలని (టేపుని చదివే భాగాన్ని) స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి, ప్రతి క్యాసెట్‌కీ ఆ తల కోణం సరిచేసుకోండి, పక్కన ఉన్న చిన్న స్క్రూ వెంట్రుకవాసి తిప్పితే పాటలో పై స్థాయి ధ్వనులు ఒక్కసారిగా తెరుచుకునే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ ఆపి రికార్డు నొక్కండి.